మినోల్టా 7000, నికాన్ ఎఫ్-801ఎస్, కెనాన్ ఈఓఎస్ 50: మద్రాసులో ఉంటూ ఏ ఫిల్మ్ కెమెరా కొనాలి?

మా పెద్దన్నయ్య కూతురు చదువు కోసం నెల్లూరు నుంచి చెన్నై వచ్చింది. మొన్నొక రాత్రి వాట్సాప్‌లో మూడు కెమెరాల ఫోటోలు పంపి, "బాబాయ్, వీటిల్లో ఏది తీసుకోమంటావు?" అని అడిగింది. మూడూ ఆటోఫోకస్ ఉన్న పాత ఫిల్మ్ ఎస్ఎల్ఆర్‌లే (లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకునే రకం): మినోల్టా 7000, నికాన్ ఎఫ్-801ఎస్, కెనాన్ ఈఓఎస్ 50. అమ్మేవాళ్ళు చెప్పిన ధరలు కూడా అటూ ఇటుగా ఒకటే. ఫోన్లో రెండు మాటల్లో తేల్చేద్దామనుకున్నాను, కుదరలేదు. ఆదివారం పెరంబూరులో మా ఇంటికి రమ్మన్నాను. భోజనాలయ్యాక మొదలుపెడితే సాయంత్రం కాఫీల దాకా అదే మాట. ఆ మాటలనే ఇక్కడ పెడుతున్నాను.

ఈ తరం కెమెరాలు చూడగానే మనసు దోచుకునే రకం కావు. నల్ల ప్లాస్టిక్ ఒళ్ళు, నెత్తిన చిన్న ఎల్‌సీడీ, కడుపులో మోటార్లు. డెబ్భైల నాటి మెటల్ కెమెరాల మీద మోజున్నవాళ్ళు వీటివైపు తిరిగి చూడరు. అందుకే ఇవి ఇంకా చదువుకునే పిల్లల చేతికి అందే ధరలో ఉన్నాయి. పనిలో మాత్రం వీటికి వంక పెట్టలేం. రీలు కొస గుర్తు దాకా లాగి మూత వేస్తే మిగతాది అదే ఎక్కించుకుంటుంది. వెలుతురు అదే కొలుస్తుంది, ఫోకస్ అదే పట్టుకుంటుంది.

ఫోకస్ సంగతి ఇప్పుడు డబ్బు సంగతి కూడా. ఒక కలర్ రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి వెయ్యి రూపాయలు సులువుగా దాటుతోంది. 36 ఫ్రేములకి పంచితే క్లిక్కుకి ముప్పై రూపాయల దాకా పడుతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు చేత్తో ఫోకస్ తిప్పుతూ రీలులో పది ఫ్రేములు మసక చేసుకుంటే మూడు వందలు పోయినట్టే. నేర్చుకునే వయసులో ఆ నష్టం ఉత్సాహాన్ని చంపేస్తుంది. అందుకే మొదటి ఫిల్మ్ కెమెరా ఆటోఫోకస్‌దే అయితే మంచిదని నేను గట్టిగా చెబుతాను.

ముందు ఇంట్లో బీరువా తెరవండి

మా పిల్ల పంపిన మూడు ఫోటోలూ చూసి నేనడిగిన మొదటి ప్రశ్న కెమెరాల గురించి కాదు. "నాన్న డిజిటల్ కెమెరా ఒకటి ఉండాలిగా, అది ఏ కంపెనీ?" అని. కెనాన్ అంది. ఆ కెమెరాకి ఏ లెన్సులున్నాయో పిల్లకి గుర్తులేదు. అప్పుడే వదినకి వీడియో కాల్ చేయించాను. పాపం వదిన వంటింట్లోంచి వచ్చి, బీరువాలోంచి బ్యాగు తీసి, రెండు లెన్సులనీ ఫోన్ ముందు పెట్టింది. వెనక మూత తీసి, అంచున చిన్న గుర్తు ఎలా ఉందో చూడమన్నాను. పెద్దదానికి తెల్లటి చదరపు గుర్తు ఉంది. చిన్నదాన్ని తిప్పి తిప్పి చూసి, "ఎర్రగా బొట్టులా ఉంది, ఇదేనా?" అంది.

అదే. ఎర్ర చుక్క ఉంటే ఈఎఫ్ లెన్స్. 1987లో వచ్చిన ఈఓఎస్ 650 నుంచి ఏ ఈఓఎస్ ఫిల్మ్ బాడీకైనా ఎక్కుతుంది. తెల్ల చదరం ఉంటే ఈఎఫ్-ఎస్, అంటే చిన్న సెన్సర్ డిజిటల్ కెమెరాల కోసం చేసింది. ఫిల్మ్ బాడీకి ఎక్కదు, బలవంతం చేయకూడదు. వదిన చేతిలోని చిన్న లెన్స్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం. అది 2015లో వచ్చిన లెన్స్. అయినా ముప్పై ఏళ్ళ కిందటి ఫిల్మ్ బాడీ మీద ఫోకస్ కూడా చక్కగా చేస్తుంది.

ఇది ఎలా సాధ్యమైందో తెలుసుకుంటే మిగతా పోలిక సగం అర్థమైపోతుంది. ఆటోఫోకస్ వచ్చినప్పుడు కెనాన్ తన పాత ఎఫ్‌డీ మౌంట్‌ని, అంటే లెన్స్ బాడీకి తగిలే అమరికని, పూర్తిగా వదిలేసింది. అప్పటిదాకా ఎఫ్‌డీ లెన్సులు కొనుక్కున్నవాళ్ళు చాలా బాధపడ్డారు. దాని బదులు తెచ్చిన ఈఎఫ్ మౌంట్‌లో బాడీకీ లెన్స్‌కీ మధ్య మీటలు లేవు, తిరిగే ఇరుసు లేదు, అంతా కరెంటు సంకేతాలే. ఫోకస్ మోటారూ లెన్స్‌లోనే, అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) మూసే మోటారూ లెన్స్‌లోనే. బాడీ ఆజ్ఞ ఇస్తుంది, లెన్స్ తన పని తను చేసుకుంటుంది. అందుకే తరాలు మారినా మాట కలుస్తూ వచ్చింది. ఒక్క జాగ్రత్త: వేరే కంపెనీలు ఈ మౌంట్‌కి చేసిన పాత లెన్సులు కొన్ని కొత్త ఈఓఎస్ బాడీల మీద ఎర్రర్ చూపించి మొరాయిస్తాయి. కెనాన్‌దే అయితే ఆ బెడద లేదు.

నికాన్ వేరే దారి పట్టింది. 1959 నాటి ఎఫ్ మౌంట్‌ని వదలకుండా, దానికే ఆటోఫోకస్‌ని అతికించింది. మోటారు బాడీలో ఉంటుంది. మౌంట్ అంచున చిన్న స్క్రూడ్రైవర్ మొనలాంటిది బయటికి వచ్చి లెన్స్‌ని తిప్పుతుంది. పాత కస్టమర్లని వదులుకోలేదన్న మర్యాద నికాన్‌కి దక్కాలి. కానీ కొత్తగా కొనేవాళ్ళకి ఇది చిక్కుముడి. చాలా లెన్సులు ఎక్కుతాయి, అన్నీ పూర్తిగా పనిచేయవు. ఎఫ్-801ఎస్ మీద చేత్తో ఫోకస్ తిప్పే పాత ఏఐ రకం మాన్యువల్ లెన్సులు పెట్టినా వెలుతురు కొలిచే మీటర్ పనిచేస్తుంది, అది గొప్ప సుఖం. ఏఎఫ్, ఏఎఫ్-డి లెన్సులు హాయిగా నడుస్తాయి. మోటారు లెన్స్‌లోనే ఉండే ఏఎఫ్-ఎస్ లెన్స్ పెడితే మాత్రం ఆటోఫోకస్ ఉండదు. అపెర్చర్ రింగు లేని జి రకం అయితే, అపెర్చర్‌ని కెమెరాయే ఎంచుకునే పి, ఎస్ మోడ్‌లు తప్ప మిగతావి పోయినట్టే. మీ ఇంట్లో నికాన్ డిజిటల్ కెమెరాతో వచ్చిన 50 ఎంఎం ఎఫ్/1.8జి ఉంటే ఎఫ్-801ఎస్ మీకు సరైన జోడీ కాదు. 2000లో వచ్చిన ఎఫ్80 వైపు చూడండి, దానికి జి లెన్సులన్నా ఏఎఫ్-ఎస్ అన్నా ఇబ్బంది లేదు. అయితే అక్కడ ఇంకో తలుపు మూసుకుంటుంది: పాత మాన్యువల్ లెన్సులకి ఎఫ్80లో మీటర్ పనిచేయదు.

మినోల్టా లెన్సుల కథ ఇంకోరకం. కోనికాతో కలిసి కోనికా మినోల్టా అయిన ఆ కంపెనీ 2006లో కెమెరాల వ్యాపారం మానేసి సోనీకి అప్పగించింది. ఏ-మౌంట్ అనే ఆ మినోల్టా మౌంట్‌నే సోనీ తన ఆల్ఫా డీఎస్ఎల్ఆర్‌లలో (డిజిటల్ ఎస్ఎల్ఆర్‌లలో) కొనసాగించింది. మీ ఇంట్లో పాత సోనీ ఆల్ఫా డీఎస్ఎల్ఆర్ ఉంటే మినోల్టా లెన్సులు రెండిటికీ వాడుకోవచ్చు. 70-210 ఎంఎం ఎఫ్/4 లెన్స్‌ని దాని ఆకారం చూసి బీర్ క్యాన్ అంటారు. ఈ మౌంట్ మీద మోజు పడినవాళ్ళని అడిగితే ముందు దాని పేరే చెబుతారు.

బ్యాటరీ

ఈ మూడిట్లో ఏదీ బ్యాటరీ లేకపోతే షట్టర్ కూడా కొట్టదు. కాబట్టి ఏ బ్యాటరీ అన్నది చిన్న విషయం కాదు. నికాన్‌కి నాలుగు మామూలు పెన్సిల్ సెల్లు చాలు. ఏ వీధి కొట్లో అయినా దొరుకుతాయి. మినోల్టా 7000 మామూలు హోల్డర్‌కి రిమోట్లలో వేసే సన్న సెల్లు నాలుగు కావాలి. పెన్సిల్ సెల్లు పట్టే పెద్ద హోల్డర్ కూడా అప్పట్లో విడిగా అమ్మేవాళ్ళు, మీకు కెమెరా అమ్మే మనిషి దగ్గర అది ఉంటే అడిగి తీసుకోండి. కెనాన్‌కి 2సీఆర్5 అనే ఆరు వోల్టుల లిథియం బ్యాటరీ. చాలా రీళ్ళు వస్తుంది, కారదు. కానీ తిరువళ్ళూరు దాటి ఏ ఊళ్ళోనో అది అయిపోతే ఆ రోజుకి కెమెరా సంచిలో పెట్టుకోవాల్సిందే. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ అంగళ్ళుండే రిచీ స్ట్రీట్‌లో అడగండి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. ఏదైనా రెండోది ఒకటి ఎప్పుడూ దగ్గరుండాలి.

ఈ ఒక్క విషయంలో నికాన్‌ది తిరుగులేని గెలుపు.

ఫోకస్ ఎలా పడుతుంది, ఎక్కడ తడబడుతుంది

లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురు ముందున్న అద్దం మీద పడి పైకి, వ్యూఫైండర్‌లోకి వెళ్తుంది. ఆ అద్దం మధ్యభాగం కొంచెం వెలుతురుని తనలోంచి వెనక్కి పోనిస్తుంది. వెనకున్న బుల్లి అద్దం దాన్ని కిందికి, కెమెరా అడుగున ఉన్న సెన్సర్ మీదికి మళ్ళిస్తుంది. లెన్స్ ఒక అంచునుంచి వచ్చిన బొమ్మనీ ఎదుటి అంచునుంచి వచ్చిన బొమ్మనీ సెన్సర్ పక్కపక్కన పెట్టి పోలుస్తుంది. రెండూ ఎంత ఎడంగా ఉన్నాయో, ఏ వైపు జరిగాయో చూసి లెన్స్‌ని ఎటు, ఎంత తిప్పాలో లెక్కకడుతుంది. 1985లో మినోల్టా 7000 ఈ యంత్రాంగాన్నీ మోటారునీ కలిపి బాడీలోనే ఇమిడ్చి, మామూలు కొనుగోలుదారుడికి నచ్చేలా చేసింది. అంతకుముందు పెంటాక్స్ 1981లో ఎంఈ ఎఫ్ తెచ్చింది గానీ, అందులో మోటారూ బ్యాటరీలూ లెన్స్‌కే తగిలించి ఉండేవి. 7000 వచ్చాక మిగతా కంపెనీలన్నీ దాని వెంట పరుగెత్తాల్సి వచ్చింది. ఈ పరిజ్ఞానం హక్కుల మీద అమెరికాలో హనీవెల్ కంపెనీ వేసిన కేసులో 1992లో మినోల్టా పది కోట్ల డాలర్లకు పైగా చెల్లించుకోవాల్సి వచ్చింది కూడా.

మొదటి తరం కెమెరాల్లో సెన్సర్ ఒకటే, ఫ్రేము నడిమధ్యన, అదీ అడ్డంగా ఉండే ఒక్క గీత. అడ్డగీత సెన్సర్ నిలువు గీతలనే గుర్తుపడుతుంది. మెరీనా ఒడ్డున నిలబడి ఇలాంటి కెమెరాని సముద్రం, ఆకాశం కలిసే గీతకి గురిపెట్టండి. లెన్స్ ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్తుంది, తిరిగొస్తుంది, ఎక్కడా ఆగదు. అప్పుడు కెమెరాని నిలువుగా తిప్పి పట్టుకోండి. టక్కున ఆగుతుంది. అడ్డంగా ఉన్న దిగంతం సెన్సర్‌కి ఇప్పుడు నిలువు గీత అయింది కాబట్టి. తెలిస్తే ఇది లోపంగా అనిపించదు, అలవాటైపోతుంది. తెలియకపోతే కెమెరా చెడిపోయిందనుకుని మరమ్మతుకి పట్టుకెళ్తారు.

7000లోనూ ఎఫ్-801ఎస్‌లోనూ ఉన్నది ఇలాంటి ఒంటరి సెన్సరే. రెండిట్లో నికాన్‌ది తక్కువ వెలుతురులో మెరుగు. ఈఓఎస్ 50 మినోల్టా 7000 కంటే పదేళ్ళు ఆలస్యంగా, 1995లో పుట్టింది. అందులో మూడు బిందువులు, మధ్యది అడ్డం నిలువూ రెండూ చూసే క్రాస్ రకం. ఆ పదేళ్ళ తేడా చేతిలో పట్టుకున్న అయిదో నిమిషంలోనే తెలిసిపోతుంది. పరుగెత్తే పిల్లల్ని తీయాలన్నా, పెళ్ళిలో తలంబ్రాలు పోసుకునే క్షణం పట్టుకోవాలన్నా ఈఓఎస్ ముందుంటుంది. ఈఓఎస్ 50ఈ అని ఇంకో రకం ఉంది. అందులో మీరు వ్యూఫైండర్‌లో ఏ బిందువు వైపు చూస్తే దాన్నే ఎంచుకునే ఏర్పాటు ఉంది. కొందరి కళ్ళకి బాగా కుదురుతుంది, కొందరికి అస్సలు కుదరదు. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

ఇక శబ్దం. స్క్రూ మోటారు ఉన్న నికాన్ ఫోకస్ చేస్తుంటే గిర్రుమని వినిపిస్తుంది, రీలు జరిగేటప్పుడు ఇంకా గట్టిగా. గుళ్ళో, పూజ దగ్గర నలుగురూ తిరిగి చూస్తారు. ఈఓఎస్ 50 చాలా నెమ్మదస్తురాలు.

మద్రాసు ఎండలో షట్టర్

ఇక్కడ లెక్క చెప్పి తీరాలి, ఎందుకంటే మన ఊళ్ళో ఇది రోజూ ఎదురయ్యే సంగతి. నడి ఎండలో ఎఫ్/16 దగ్గర (ఎఫ్ అంకె పెద్దదైతే రంధ్రం చిన్నది) షట్టర్ వేగం రీలు ఐఎస్ఓ (రీలు వెలుతురుని పట్టే వేగం) అంకెకి దగ్గరగా ఉండాలన్నది పాత కొలత. 400 రీలు వేస్తే ఎఫ్/16 దగ్గర 1/400. వెనక దృశ్యం మసకగా, మనిషి స్పష్టంగా రావాలని ఎఫ్/4కి తెరిచారనుకోండి, నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకీ వెలుతురు రెట్టింపు) పెరిగి 1/6400 కావాలి. నికాన్ ఎఫ్-801ఎస్ 1/8000 దాకా వెళ్తుంది, హాయిగా తీసేస్తుంది. ఈఓఎస్ 50 గరిష్ఠం 1/4000, కాబట్టి ఎఫ్/5.6 దగ్గర ఆగాలి. మినోల్టా 7000 గరిష్ఠం 1/2000. ఎఫ్/8 దాకా మూసుకోక తప్పదు. ఎఫ్/4కీ ఎఫ్/8కీ మధ్య తేడా అంటే, వెనకున్న ఐస్ బండి మీద పేరు చదవగలగడానికీ చదవలేకపోవడానికీ ఉన్నంత. కలర్ నెగటివ్ రీలు ఒకటి రెండు స్టాపులు ఎక్కువ వెలుతురు పడినా ఓర్చుకుంటుంది, స్లయిడ్ రీలు ఓర్చుకోదు. 200 రీలు వేసుకుంటే అందరికీ ఒక మెట్టు వెసులుబాటు దొరుకుతుంది. నా సలహా, చెన్నై పగటి వెలుతురుకి ఎప్పుడూ 200 రీలే.

ఎండలో ముఖం మీద నీడలు తగ్గించడానికి ఫ్లాష్ వేయాలంటే సింక్ వేగం, అంటే ఫ్లాష్‌తో వాడగల గరిష్ఠ షట్టర్ వేగం, చూడాలి. నికాన్ 1/250, కెనాన్ 1/125, మినోల్టా 1/100. ఫ్లాష్ కెనాన్‌కి నెత్తినే ఉంది, మిగతా రెండిటికీ విడిగా కొనాలి.

మా పిల్లకి కళ్ళజోడుంది. వ్యూఫైండర్ విషయంలో ఇది నికాన్ వైపు మొగ్గే మాట. ఎఫ్-801ఎస్ వ్యూఫైండర్ కంటిని కొంచెం దూరంగా పెట్టుకున్నా ఫ్రేము నాలుగు మూలలూ, కింది అంకెలూ కనిపించేలా చేశారు. నేను నా కెమెరా చేతికిస్తే కళ్ళజోడు తీయకుండానే చూసి, "అన్నీ కనిపిస్తున్నాయి బాబాయ్" అంది. ఒక్క క్షణం నా మనసు అటే లాగింది. నేను పన్నెండేళ్ళుగా వాడుతున్న బాడీ అది, అంటే నాకెంత ప్రేమో చెప్పనక్కర్లేదు.

మీటరింగ్ గురించి ఎక్కువ చెప్పను. మినోల్టాది మధ్యభాగానికి ప్రాధాన్యమిచ్చే పాత పద్ధతి. మిగతా రెండూ ఫ్రేముని ముక్కలుగా విడదీసి కొలుస్తాయి. దీనికి ముందొచ్చిన ఎఫ్-801కీ 801ఎస్‌కీ తేడా ముఖ్యంగా 801ఎస్‌లో చేరిన స్పాట్ మీటర్, అంటే ఫ్రేములో ఒక్క చిన్న చోటునే కొలిచేది. నెగటివ్ రీళ్ళకి మూడూ సరిపోతాయి.

రీలు ఐఎస్ఓని చేత్తో మార్చుకునే వీలు మూడిట్లోనూ ఉంది. ఇది చిన్నగా కనిపిస్తుంది గానీ, ఇప్పుడు చాలామంది సినిమా రీలుని ముక్కలు చేసి డబ్బాల్లో చుట్టి అమ్ముతున్నారు. ఆ డబ్బాల మీద కెమెరాకి ఐఎస్ఓ తెలిపే డీఎక్స్ కోడ్ ఉండకపోవచ్చు. ఐఎస్ఓ మార్చుకునే వీలులేని నికాన్ ఎఫ్65 లాంటి చిన్న బాడీలతో అప్పుడు ఇబ్బంది.

కొనేముందు చేతిలో పట్టుకుని చూడాల్సినవి

ఇంతవరకూ చెప్పిన హెచ్చుతగ్గులన్నీ కెమెరా ఆరోగ్యంగా ఉంటేనే. ముప్పై, నలభై ఏళ్ళ వస్తువు కాబట్టి, మంచి మోడల్ చెడిపోయిన పీసు కంటే మామూలు మోడల్ మంచి పీసే మేలు. నాకిది డబ్బు పోగొట్టుకున్నాకే తెలిసింది. పదేళ్ళ కిందట ఒకచోట ఒక బాడీ కొన్నాను. పైపైన నిగనిగలాడుతోంది కదా అని వెనక మూత తెరిచి చూడలేదు. మా బావమరిది నిశ్చితార్థానికి తిరుపతి పట్టుకెళ్ళి రెండు రీళ్ళు తీశాను. కడిగించి తెచ్చుకుంటే సగానికి పైగా ఫ్రేముల్లో ఏమీ లేదు. షట్టర్ రేకుల మీద జిగురులాంటి నల్లటి మరక ఉంది, రేకులు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. మూత తెరిచి చూసి ఉంటే అర నిమిషంలో తెలిసేది. ఆ ఉంగరాలు మార్చుకున్న ఫోటోలు మాకు ఎవరి ఫోన్లలోనో ఉన్నవే మిగిలాయి.

ఆ నల్లటి జిగురు, షట్టర్ దెబ్బని ఆపడానికి లోపల పెట్టిన ఫోమ్ కరిగి కారినది. 1987-90 మధ్య వచ్చిన ఈఓఎస్ 600 తరగతి బాడీల్లో ఇది బాగా తెలిసిన జబ్బు. ఈఓఎస్ 50 ఆ తర్వాతిదే అయినా మూత తెరిచి రేకుల్ని టార్చి వేసి చూడండి. మరక ఉంటే వదిలేయండి. మూత తెరిచే ఉంచి 1/1000 నుంచి ఒక సెకను దాకా వేగాలన్నీ కొట్టి చూడండి. రేకుల సందులోంచి వెలుతురు ప్రతిసారీ మెరవాలి.

మినోల్టా 7000కి ప్రత్యేకంగా ఇంకో పరీక్ష. అన్నీ చేత్తో పెట్టుకునే ఎం మోడ్‌లో పెట్టి, మూత తెరిచి, ఎఫ్/4కి ఒకసారి, ఎఫ్/16కి ఒకసారి నెమ్మది వేగంతో కొట్టండి. లెన్స్ లోపలి రంధ్రం రెండుసార్లూ వేర్వేరు సైజుల్లో కనిపించాలి. ఒకేలా ఉంటే అపెర్చర్‌ని ఆపే అయస్కాంతం పట్టేసిందని అర్థం. ఈ మోడల్‌లో అది తరచుగా వచ్చేదే. నెత్తినున్న ఎల్‌సీడీ అంచుల్లో సిరా ఒలికినట్టు నలుపు పాకుతోందేమో చూడండి. అంకెలు కనిపిస్తున్నంతవరకూ పరవాలేదు. దీనికి తిప్పే డయల్స్ లేవు, అన్నీ నొక్కే మీటలే, కాబట్టి ఎల్‌సీడీ పోతే కెమెరా చాలావరకు పోయినట్టే.

నికాన్ వైపు ఎఫ్90, ఎఫ్90ఎక్స్ చూస్తున్నవాళ్ళకి ఒక మాట. క్రాస్ సెన్సర్, ఏఎఫ్-ఎస్ లెన్సులతో కూడా ఆటోఫోకస్, చాలా విధాలా 801ఎస్ కంటే ముందడుగు. వెనక మూత మీద పూసిన రబ్బరు పూత మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ బంకలా తయారవుతుంది. మన ఉక్కపోతలో చేతికి అంటుకుని, బట్టలకీ అంటుకుంటుంది. చూసి భయపడి వదిలేయొద్దు, దాన్నే చూపించి బేరమాడండి. రిచీ స్ట్రీట్‌లో సర్క్యూట్ బోర్డులు తుడవడానికి అమ్మే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకోండి. దూది తడిపి ఒకే వైపు తుడవండి. మొదటి దూదులు తారు ముద్దల్లా నల్లగా వస్తాయి. ఓపిగ్గా మారుస్తూ పోతే కొంతసేపటికి దూది తెల్లగా రావడం మొదలవుతుంది. కింద గట్టి నల్ల ప్లాస్టిక్ నున్నగా బయటపడుతుంది.

మూడిటికీ ఉమ్మడిగా: బ్యాటరీ గది తెరిచి స్ప్రింగుల మీద తెల్లటి, పచ్చటి పొడి ఉందేమో చూడండి. కొంచెం ఉంటే వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో పోతుంది. రాగి రేకు తినేసి ఉంటే వద్దు. లెన్స్‌లోంచి టార్చి వేసి ఎదుటి వైపునుంచి చూడండి. సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే ఫంగస్. సముద్రం పక్కనున్న ఊళ్ళో దశాబ్దాలు తోలు సంచుల్లో ఉన్న లెన్సులు కాబట్టి ఇది చాలా మామూలు. ఆ తోలు సంచులే తేమని పట్టి ఉంచి ఫంగస్‌ని పెంచుతాయి. కొన్నాక కెమెరాని సంచిలో ఉంచకండి. గాలి చొరబడని పెద్ద ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చవకలో దొరికే తేమ కొలిచే మీటరు ఒకటి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంచితే చాలు. అంతకంటే ముఖ్యం, నెలకొకసారైనా బయటికి తీసి వాడటం.

ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు పేర్లు వేరుగా ఉంటాయి, గుర్తుపెట్టుకోండి. అమెరికా నుంచి వచ్చిన మినోల్టా 7000 మీద మాక్సమ్ 7000 అని, ఎఫ్-801ఎస్ మీద ఎన్8008ఎస్ అని, ఈఓఎస్ 50 మీద ఇలాన్ 2 అని ఉంటుంది. కెమెరా అదే. పేరు వేరని ఎక్కువ అడిగితే ఇవ్వకండి.

ఎవరికి ఏది

లెన్సులేమీ లేకుండా మొదటినుంచి మొదలుపెట్టేవాళ్ళకి, ఊళ్ళు తిరిగేవాళ్ళకి, కళ్ళజోడున్నవాళ్ళకి, తాతగారి పాత ఏఐ రకం నికాన్ లెన్సులు ఇంట్లో ఉన్నవాళ్ళకి: ఎఫ్-801ఎస్, దానితో ఏఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8డి. ఎండలోకి అంతకంటే మంచి జోడీ ఈ ధరలో నాకు తెలియదు.

మినోల్టా 7000ని మొదటి కెమెరాగా మాత్రం చెప్పను. దాని మీద నాకు గౌరవం ఉంది. ఈ కథంతా దానితోనే మొదలైంది, దాని లెన్సులు గీసే రంగులు నాకిష్టం. కానీ పాడైతే బాగుచేయించడం కష్టం, ఒక విద్యార్థి డబ్బుని ఆ జూదంలో పెట్టించలేను. ఏ-మౌంట్ లెన్సులు ఇప్పటికే ఉన్నవాళ్ళు 2000లో వచ్చిన మినోల్టా డైనాక్స్ 7 వెతుక్కోండి.

మా పిల్లకి మాత్రం ఈఓఎస్ 50 అని చెప్పాను. నా కెమెరా వ్యూఫైండర్‌లో దాని కళ్ళకి అన్నీ కనిపించినా, 1/8000 లేకపోయినా, బ్యాటరీ వీధి కొట్లో దొరకకపోయినా. నెల్లూరు బీరువాలో ఎర్ర చుక్క ఉన్న లెన్స్ ఊరికే పడి ఉంది. దానికి బాడీ డబ్బు ఒక్కటే పెడితే చాలు. మిగిలిన డబ్బు రీళ్ళకి పోతుంది, రీళ్ళు తీస్తేనే చేయి తిరుగుతుంది. పైగా అది తీయాలనుకుంటున్నవి మైలాపూర్ కపాలీశ్వరుడి గుడి చుట్టూ పంగుణి ఉత్సవాలు, హాస్టల్ స్నేహితురాళ్ళు. అన్నీ కదిలేవే, దగ్గరివే. వాటికి క్రాస్ సెన్సర్, చప్పుడు తక్కువ చేసే మోటారు, నెత్తిన ఫ్లాష్ ఎక్కువ పనికొస్తాయి.

ఇద్దరం కలిసి వెళ్ళి చూశాం. మూత తెరిచి టార్చి వేసింది తనే. రేకులు శుభ్రంగా ఉన్నాయి. నేను జేబులో వేసుకెళ్ళిన పాత పనికిరాని రీలు ఎక్కించి, చివరిదాకా కొట్టి, వెనక్కి చుట్టుకుంటోందో లేదో కూడా చూసింది. కొన్నాక 2సీఆర్5లు రెండు తెప్పించాను, ఒకటి కెమెరాలో, ఒకటి దాని బ్యాగు పక్క జేబులో. మొదటి అసలు రీలుని పరీక్ష రీలుగానే తీయమన్నాను: ప్రతి ఫ్రేముకీ అపెర్చర్, షట్టర్ వేగం చిన్న పుస్తకంలో రాసుకుంటూ. నిన్న రాత్రి ఆ పుస్తకం పేజీని ఫోటో తీసి పంపింది. కౌంటర్ 22 దగ్గరుంది.